పాత వార్నిష్ మీదే స్టెయిన్ వేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి

చెక్కకు స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగునిచ్చే ద్రవం) వేయాలా, పెయింట్ వేయాలా అని ఆలోచిస్తున్నవారు డబ్బా కొనేముందు ఇది ఒకసారి చదవండి. నాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

మా వీధి తలుపు మంచి చేవ ఉన్న చెక్క. మీద వార్నిష్ వెలిసి, మచ్చలు పడింది. పెయింట్ వేస్తే చెక్క గీతలు కప్పుకుపోతాయని ముదురు గోధుమ రంగు స్టెయిన్ తీసుకున్నాను. పాత వార్నిష్ గీకాలా అని దుకాణంలో ప్రత్యేకంగా అడిగాను కూడా. "అవసరం లేదండీ, తడిగుడ్డతో తుడిచి వేసేయండి, అదే పట్టుకుంటుంది" అన్నారు.

పట్టుకోలేదు. వారం తర్వాత కూడా తలుపు జిగటగానే ఉంది. మా పాప బడి నుంచి వచ్చి తలుపు తోస్తే ఐదు వేళ్లూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. ఆ చేతి రంగు సబ్బుతో రెండుసార్లు రుద్దినా పోలేదు. మళ్లీ దుకాణానికి వెళ్తే, "దానిమీద ఎనామిల్ పెయింట్ ఒక చుట్టు వేయండి, అంతా కప్పేస్తుంది" అని మరో డబ్బా ఇచ్చారు. నెల తిరగకముందే గొళ్లెం దగ్గర రంగు ఉబ్బింది. గోటితో అంచు పట్టి లాగితే పాము కుబుసంలా అరచేయంత పొర ఊడి వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే స్టెయిన్ ఇంకా తడిగానే అంటుకుని ఉంది.

అసలు కారణం తర్వాత ఒక వడ్రంగి చెబితే తెలిసింది. స్టెయిన్ చెక్కలోకి ఇంకాలి. కాసేపు ఇంకనిచ్చి, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయాలి. వార్నిష్ చెక్క రంధ్రాలను మూసేస్తుంది కనుక స్టెయిన్‌కు దిగే దారే ఉండదు. పెయింట్ అలా కాదు, పైన పొరగా కూర్చుంటుంది. పాత పొర గట్టిగా ఉంటే గరుకు కాగితంతో మెరుపు తీసి, ప్రైమర్ (పెయింట్ పట్టుకునేందుకు ముందు వేసే పూత) పూసి దానిమీద పెయింట్ వేసుకోవచ్చు. అడుగు పొరే ఆరకపోతే ఎంత ఖరీదైన పెయింటైనా నిలవదు.

కొనేముందు చెక్క మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. కాసేపట్లో ఇంకి చెక్క ముదురు రంగుకు తిరిగితే స్టెయిన్ పడుతుంది. ముత్యాల్లా నిలబడితే పైన ఏదో పొర ఉన్నట్టే, దాన్ని పూర్తిగా తీయందే స్టెయిన్ జోలికి వెళ్లకండి. ఈ చిన్న పరీక్ష ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే రెండు డబ్బాలూ కొనేవాడిని కాదు.

లప్పం ఎక్కువగా పెట్టిన చెక్కకూ, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) బల్లలకూ పెయింటే నయం. లప్పం స్టెయిన్‌ను చెక్కలా పీల్చదు, ప్రతి అతుకూ మచ్చగా కనిపిస్తుంది. పైన్ వంటి మెత్తని చెక్క ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీలుస్తుంది కాబట్టి కనబడని మూలలో వేసి చూశాకే మిగతాది మొదలుపెట్టండి. ఇంట్లో బల్లకైతే స్టెయిన్ ఒక్కటే రక్షణ కాదు, ఆరాక వార్నిష్ తప్పనిసరి. ఎండా వానా తగిలే చోట రంగులేని వార్నిష్ అమ్మజూపితే ఒప్పుకోకండి. ఎండను బాగా అడ్డుకునేది పూతలో కలిసిన రంగు పొడే. పెయింట్‌లో అది ఎక్కువ కనుక చెక్కను బాగా కాపాడుతుంది, కానీ పాడైతే పెచ్చులుగా లేస్తుంది, గీకాల్సిందే. చెక్కలోకి ఇంకే రకం స్టెయిన్ అయితే మెల్లగా వెలుస్తుంది, కడిగి మళ్లీ వేసుకోవచ్చు. నన్నడిగితే గీతలు అందంగా ఉన్న కొత్త చెక్కకు ముందు స్టెయినే వేయండి. తర్వాత కావాలంటే పెయింట్‌కు మారడం సులువు, పెయింట్ నుంచి వెనక్కి రావడం చాలా కష్టం.

ఇంకో విషయం నాకు ఎవరూ చెప్పలేదు. నూనె ఆధారిత స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. ఒక్కొక్కటీ విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

మా తలుపును బందుల నుంచి దించి నాలుగు రోజులైంది. బల్లపరుపు భాగమంతా గీకేశాం. చెక్కిన పువ్వుల రేకుల మధ్య ఇరుక్కున్న ఎనామిల్‌ను మాత్రం ఇంకా సూదితో తీస్తూనే ఉన్నాం.