కేదార్‌కంఠ, బ్రహ్మతాల్: చెట్లు ఆగిపోయాక

ఉత్తరాఖండ్‌లో చలికాలం మంచులో ఎక్కే శిఖరం కేదార్‌కంఠ. దాని బేస్ క్యాంప్ దాటి కొంచెం నడిచామో లేదో చెట్లు అయిపోయాయి. అప్పటిదాకా కొమ్మల్లో చప్పుడు చేస్తున్న గాలి ఒక్కసారిగా మొహం మీద కొట్టింది. తెల్లవారుజామున నాలుగు గంటలు. హెడ్‌ల్యాంప్ వెలుగులో ముందు నడిచే మనిషి బూట్లు తప్ప ఏమీ కనబడవు. సరిగ్గా అక్కడే మా వదిన కుడికాలి స్పైక్స్ గొలుసు తెగింది.

మైక్రోస్పైక్స్ అంటే బూటు చుట్టూ సాగదీసి తొడిగే రబ్బరు పట్టీ, అడుగున స్టీలు గొలుసులు, వాటికి చిన్న చిన్న పళ్లు. పగలు ఎండకు కరిగిన మంచు రాత్రికి గట్టిపడి గాజులా అవుతుంది. దాని మీద ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. మేం వెళ్లిన ట్రెకింగ్ కంపెనీ వాళ్లు ఇచ్చిన స్పైక్స్‌కి ఒకచోట తీగతో కట్టు కట్టి ఉంది. నడక మొదలయ్యే ఊరు సాంక్రీలోనే చూశాను, అయినా మార్చమని అడగలేదు. ఇరవై రెండు మందికి ఒకే గైడ్, ఆయనేమో అందరికంటే ముందున్నాడు. వెనక వస్తున్న హెల్పర్ కుర్రాడు తన స్పైక్స్ విప్పి, "మాకు అలవాటే దీదీ" అంటూ ఇవ్వబోయాడు. వదిన తీసుకోలేదు. "ఎక్కడమైతే ఎక్కేస్తాను. దిగేటప్పుడు ఆ అబ్బాయి కాళ్లకి ఏముంటుంది?" అంది. ముగ్గురం మెల్లగా వెనక్కి దిగాం. 12,500 అడుగుల శిఖరం చూడకుండానే తిరిగొచ్చాం. చెట్ల అంచుకు చేరేసరికి ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం మీద ఎండ పడింది. అది చూస్తూ వదిన ఏడ్చేసింది, నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కంపెనీ సంగతి అలా ఉంచితే సాంక్రీ మాత్రం నాకు చాలా నచ్చింది. డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, మస్సూరీ, పురోలా, మోరీ మీదుగా రోజంతా ప్రయాణం. మలుపులు ఎక్కువ, పొద్దున టిఫిన్ తక్కువ తినండి. మేం దిగిన హోమ్‌స్టే చెక్క ఇల్లు, మధ్యగదిలో కట్టెల పొయ్యి. రాత్రి రాజ్మా, అన్నం, మండువా రొట్టెలు పెట్టారు. మండువా అంటే మన రాగులే! బెంగళూరులో రాగిముద్ద తినే మాకు ఆ రొట్టె తుంచగానే ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంటావిడ మా తడి సాక్సులు అడక్కుండానే తీసుకెళ్లి పొయ్యి దగ్గర ఆరేసింది. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఒకటే మాట, డిసెంబర్ చివరి పది రోజులు వద్దు. క్రిస్మస్, న్యూ ఇయర్ జనంతో దారిలో క్యాంపు వేసే చెరువు జుడా కా తాలాబ్ దగ్గర టెంట్ల మధ్య నడవడానికే దారి ఉండదు.

ఆ దెబ్బతో మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోనే ఇంకో మంచు ట్రెక్, బ్రహ్మతాల్ వెళ్లాం. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పధ్నాలుగు అంతస్తులు, రెండు నెలలు బ్యాగులో నీళ్ల బాటిళ్లు పెట్టుకుని ఎక్కి దిగాం. ఆదివారాలు నందిబెట్ట మెట్లు. కాళ్లకు, ఊపిరికి ఇది చాలు. చలికి మాత్రం బెంగళూరులో ప్రాక్టీస్ దొరకదు, దానికి బట్టలే దిక్కు. కాటన్ బనియన్ అసలు వేసుకోవద్దు. చెమటకు తడిసిందంటే ఆరదు, ఆగిన రెండో నిమిషంలో ఒళ్లు వణికిస్తుంది.

బ్రహ్మతాల్‌కి లోహాజంగ్ నుంచి నడక మొదలవుతుంది. రిషికేశ్ నుంచి అక్కడికి దేవప్రయాగ, కర్ణప్రయాగల మీదుగా పది గంటలు పైనే పట్టింది. బస బాగాలేదు. పైపులో నీళ్లు గడ్డకట్టాయి, వేడినీళ్లు బకెట్ లెక్కన ఇచ్చారు, పప్పు పల్చగా ఉంది. మనిషికి మూడు వేలు ఎక్కువే అయింది కూడా. కానీ మా ఆరుగురికి ఒక గైడ్, ఒక హెల్పర్. లోహాజంగ్ ఊరాయనే గైడ్. బయలుదేరే ముందు వాకిట్లో అందరి స్పైక్స్ వరసగా పరిచి, ఒక్కో గొలుసూ చేత్తో లాగి చూశాడు. ఒకటి పక్కన పడేశాడు. అది చూశాక నాకు సగం టెన్షన్ పోయింది.

చెట్లు దాటాక అక్కడి దారి గట్టు మీద సాగుతుంది. ఎదురుగా త్రిశూల్, నందాఘుంటి శిఖరాలు. త్రిశూల్ 7,120 మీటర్లు, చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది. గాలికి అడ్డు ఏమీ లేదు. ప్రతి అరగంటకూ గైడ్ ఆపి, బొటనవేలు చిటికెనవేలికి ఆనించమనేవాడు. చలి ఒంటికెక్కితే ముందు వేళ్లు మాట వినవట. రెండోసారి ఆపినప్పుడు వదిన వేళ్లు కలవలేదు.

"వదినా, వేళ్లు తెలుస్తున్నాయా?"

"మొద్దుగా ఉన్నాయి. నావి కానట్టున్నాయి."

గైడ్ కంగారు పడలేదు. రాయి చాటుకు తీసుకెళ్లి, తడి గ్లౌజులు విప్పించి, చేతులు ఆవిడ చంకల్లోనే పెట్టుకోమన్నాడు. బెల్లం కలిపిన వేడి టీ తాగించి, తన దగ్గరున్న పొడి గ్లౌజులు ఇచ్చాడు. ఇరవై నిమిషాలకు వేళ్లు కలిశాయి. అప్పుడుగానీ కదలనివ్వలేదు. మిగతా నలుగురూ విసుక్కోకుండా నిలబడ్డారు, వాళ్లకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నీళ్ల బాటిల్ తలకిందులుగా పెట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాం. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత వైపు కరిగే ఉంటాయి. ఫోను రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోకపోతే పొద్దున బ్యాటరీ ఉండదు. చలువ కళ్లద్దాలు మాత్రం షోకు కాదు, మంచు మీది ఎండ కళ్లను మండిస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను కేదార్‌కంఠే చెబుతాను, అదీ జనవరి మధ్యలో. ఎదురుగా పెద్ద కొండలు చూడాలని ఉంటే బ్రహ్మతాల్‌కి సాటి లేదు.

వచ్చే జనవరికి మళ్లీ సాంక్రీ వెళ్తున్నాం. ఈసారి నాలుగు కంపెనీలకు ఫోన్ చేసి రెండే అడిగాం: ఎంతమందికి ఒక గైడ్, మాకిచ్చే స్పైక్స్ ఫొటో పంపుతారా. ముగ్గురు డిస్కౌంట్ గురించి చెప్పారు. ఒకాయన మాత్రం అదే సాయంత్రం తన గోడౌన్‌లో గొలుసులు చేత్తో లాగి చూపిస్తూ వీడియో పంపాడు. వదిన వెంటనే ఆయనకు అడ్వాన్స్ కట్టేసింది.