ఉత్తీర్ణత మార్కు లేని పరీక్ష: కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ సేవపై ఒక సమీక్ష

నిపుణులైన విదేశీయులకు శాశ్వత నివాసం ఇవ్వడం కోసం కెనడా ప్రభుత్వం 2015 జనవరిలో ప్రారంభించిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ సేవ గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు ప్రశ్న ఒక్కటే ఉంటుంది: పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చిందా, రాలేదా? దాన్ని ఒక ప్రభుత్వ సేవగా పరీక్షించి, మంచి ఎంత, లోపం ఎంత అని చెప్పినవారు తక్కువ. ఆ పని సరిగా చేయాలంటే దరఖాస్తుదారులను మార్కులతో ఎంచే ఈ పద్ధతికి పునాది వేసిన టామ్ కెంట్ అనే ఉన్నతాధికారి ఉద్యోగ జీవితాన్ని కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే నేటి సేవను కొలవడానికి ఆయన పెట్టిన ప్రమాణమే నాకు తగినదిగా కనిపిస్తుంది.

కెంట్ 1922లో ఇంగ్లండ్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించే బ్లెచ్‌లీ పార్క్‌లో పనిచేసి, తర్వాత పత్రికారంగంలోకి వచ్చి, 1954లో విన్నిపెగ్ ఫ్రీ ప్రెస్ సంపాదకుడిగా కెనడా చేరారు. అంటే వలస విధానాన్ని మార్చిన ఈ అధికారి స్వయంగా వలస వచ్చినవాడే. ప్రధాని లెస్టర్ పియర్సన్‌కు ముఖ్య సలహాదారుగా ఉండి, 1966లో కొత్తగా ఏర్పడిన మానవ వనరుల, వలసల శాఖకు డిప్యూటీ మినిస్టర్ అయ్యారు. అది ఎన్నికైన పదవి కాదు. మన దగ్గర శాఖ ముఖ్య కార్యదర్శికి ఉండే స్థానం. ఆ కుర్చీలో ఆయన ఉన్నది 1968 వరకే. తర్వాత ప్రాంతీయాభివృద్ధి శాఖకు, అక్కడి నుంచి కేప్ బ్రెటన్ అభివృద్ధి సంస్థకు, 1980లో వార్తాపత్రికలపై నియమించిన రాయల్ కమిషన్ అధ్యక్షతకు వెళ్లారు. అయినా ఆ రెండేళ్ల పనే ఆయన పేరును నిలబెట్టింది.

కెంట్ వచ్చేనాటికి ఉన్న పరిస్థితి ఇది. 1951 ఒప్పందం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి 150 మందికి, 1957 నుంచి 300 మందికి మాత్రమే కోటా ఉండేది. 1962 నిబంధనలు జాతి వివక్షను చాలావరకు తొలగించి, చదువు, నైపుణ్యం చూడాలని చెప్పాయి గాని, వాటిని దేనితో కొలవాలో చెప్పలేదు. ఎదుట కూర్చున్న అధికారి అభిప్రాయమే కొలత. కెంట్ నాయకత్వంలో సిద్ధమై 1967 అక్టోబర్ 1 నుంచి అమలైన పద్ధతి ఆ అభిప్రాయాన్ని కాగితం మీద అంకెలుగా మార్చింది. మొత్తం 100 మార్కులు, చదువుకు 20, వయసుకు 10, భాషకు 10, ముందుగా కుదిరిన ఉద్యోగానికి 10, నెగ్గడానికి 50. అధికారి సొంత అంచనాకు 15 మార్కులు మిగిలాయి కాబట్టి అది పూర్తిగా నిష్పాక్షికం కాదు. కానీ 50 వస్తే చాలునన్న సంగతి దరఖాస్తుదారుకూ అధికారికీ ఒకేలా ముందే తెలుసు.

ఇక నేటి సేవ. దరఖాస్తుదారు ముందు తన వివరాలతో ప్రొఫైల్ వేస్తాడు, వాటిని బట్టి మార్కులు వస్తాయి, ప్రభుత్వం అప్పుడప్పుడు డ్రా తీసి, పై మార్కులున్నవారికి పూర్తి దరఖాస్తు చేయమని ఆహ్వానం పంపుతుంది. ఇందులో నాకు నచ్చిన భాగం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా, లాగిన్ కూడా అడగకుండా దొరికే స్కోరు లెక్కించే సాధనం. మొదటి ప్రశ్న వివాహ స్థితి, తర్వాత వయసు, చదువు, భాష. మొత్తం 1200 మార్కుల్లో ఏది ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తరుగుతుందో ఎవరైనా వేసి చూసుకోవచ్చు. ఎంటెక్ చేసి, మూడేళ్లు లేదా అంతకు మించి విదేశీ అనుభవం ఉన్న ఒంటరి దరఖాస్తుదారు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున తెచ్చుకున్నాడనుకుందాం. రైటింగ్‌లో మాత్రం 6.5 వస్తే, ఆ అర బ్యాండుకు నేరుగా పోయేవి 8 మార్కులు, చదువు, అనుభవాలతో భాషను కలిపి ఇచ్చే మార్కుల్లో మరో 50, వెరసి 58. ఇంత ముఖ్యమైన విషయం ఏ కన్సల్టెన్సీ గడపా తొక్కకుండా తెలుసుకోగలగడం చిన్న మేలు కాదు. భార్యాభర్తలైతే ఇద్దరి వివరాలనూ తారుమారు చేసి, ఎవరి పేరున దరఖాస్తు చేస్తే మేలో కూడా చూసుకోవచ్చు.

ప్రొఫైల్ నింపే భాగం అంత సాఫీగా ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న మనవాళ్లు ఎందరో. అలాంటివారు పూర్తి పేరును ఇంటిపేరు గడిలోనే రాసి, పేరు గడిని ఖాళీగా వదిలేయాలి. ఇది తెలియక చుక్కలూ గీతలూ పెట్టి తిప్పలు పడతారు. ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తుకు ఇచ్చే గడువు 60 రోజులు. పీసీసీ (నేరచరిత్ర లేదని పోలీసులిచ్చే పత్రం), వైద్య పరీక్ష, పాత సంస్థల అనుభవ పత్రాలు అన్నీ కూడబెట్టడానికి అది ఇరుకైన సమయమే, కనుక ప్రొఫైల్ వేసిన రోజే వాటి పని మొదలుపెట్టాలి.

అసలు లోపం వేరే ఉంది. కెంట్ పద్ధతిలోని మార్కులు మిగిలాయి, ఉత్తీర్ణత మార్కు పోయింది. కటాఫ్, అంటే ఆహ్వానానికి కావలసిన కనీస మార్కు, ఎంతో డ్రా జరిగిన తర్వాతే తెలుస్తుంది. కోవిడ్ కాలంలో, 2021 ఫిబ్రవరి 13న కటాఫ్ 75కు పడిపోయి 27,332 మందికి ఒకేసారి ఆహ్వానాలు వెళ్లాయి. 2025లో కెనడా అనుభవం ఉన్నవారి డ్రాల్లోనే అది 500 పైన నిలిచింది. 2023 నుంచి మంత్రి నిర్ణయించిన వర్గాల వారీగా కూడా డ్రాలు తీస్తున్నారు. ఫ్రెంచ్ వచ్చినవారిని 400 లోపు మార్కులకే పిలిచిన సందర్భాలున్నాయి. దేశ అవసరాలను బట్టి ఎంచుకునే హక్కు ప్రభుత్వానికి లేదని నేను అనను. కానీ ఏడాదంతా చదివి మార్కులు పెంచుకున్న మనిషికి ఎంత తెస్తే చాలో చెప్పలేని సేవను పారదర్శకమైనదని పొగడడం కష్టం. ఉద్యోగ ప్రతిపాదనకు ఇచ్చే 50 లేదా 200 మార్కులను 2025 మార్చి 25న తీసేయడాన్ని మాత్రం నేను సమర్థిస్తాను. ఆ మార్కుల కోసం ఉద్యోగ పత్రాలను అమ్మే దందా పెరిగింది, డబ్బు పోగొట్టుకున్నది ఆశపడినవారే.

ఐదుకు మూడున్నర ఇస్తాను, అందులో అధిక భాగం లెక్క సాధనానికే. ముప్పై లోపువారు ముప్పయ్యో పుట్టినరోజు రాకముందే భాషా పరీక్ష ముగించి ప్రొఫైల్ వేయడం మంచిది, ఎందుకంటే ఒంటరివారికి 29 ఏళ్ల దాకా వయసుకు 110 మార్కులుంటాయి, 40కి వచ్చేసరికి 50 మిగులుతాయి, 45 నుంచి సున్నా. నలభై దగ్గరపడినవారు ఇంగ్లిష్‌లో మరో అర బ్యాండు కోసం మళ్లీ మళ్లీ పరీక్ష రాయడం కన్నా రాష్ట్ర నామినేషన్ (కెనడాలోని ఏదైనా రాష్ట్రం దరఖాస్తుదారును ప్రతిపాదించడం) దారులను వెతకడం మేలు. దానికి 600 మార్కులు వస్తాయి.