మిల్లీలీటర్ గీతలున్న నీళ్ల గిన్నె: పెద్ద వయసు కుక్కలకు చాలా అవసరం

మా కుక్క రాణి నీళ్లు మరీ ఎక్కువ తాగుతోందని అనుమానమొచ్చి ఈ గిన్నె కొన్నాను. లోపలి గీతలు చెక్కినవి, ఎంత తోమినా చెరగవు. పొద్దున నింపి, మర్నాడు మిగిలింది చూస్తే లెక్క తేలిపోతుంది. మామూలుగా కుక్కలు కిలో బరువుకు రోజుకు 50-60 మి.లీ. తాగుతాయి. 100 దాటితే డాక్టర్‌కి చూపించాల్సిందే. 12 కిలోల రాణి లీటరున్నర తాగేస్తోంది! ఎంత టెన్షన్ పడ్డానో. ఈ లెక్క చూపించగానే డాక్టర్ రక్తం, మూత్రం పరీక్షలు రాశారు. షుగర్, కిడ్నీ జబ్బు, గర్భసంచి ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ మందులు, దేనివల్లైనా దాహం పెరగొచ్చట. రాణికి షుగరని తేలింది, ఇన్సులిన్ ఇస్తున్నాం. కారణం తెలిసేదాకా నీళ్లు మాత్రం తగ్గించొద్దన్నారు.

గిన్నె అడుగున రబ్బరు లేదు, నున్నటి నేల మీద జారుతుంది. నీళ్లు ఒలికితే లెక్క తప్పుతుంది కాబట్టి కింద మ్యాట్ వేసుకోండి.