ఏథెన్స్‌లో ఫ్రెంచి సంస్థా, అమెరికన్ సంస్థా?

గ్రీకు పురావస్తు పరిశోధనకు ఏథెన్స్‌లో వెలసిన విదేశీ సంస్థల్లో అన్నిటికంటే పాతది ఫ్రెంచివారిది, 1846 నాటిది. అమెరికన్లది 1881లో వచ్చింది. ఫ్రెంచివారికి దక్కినవి దేవుళ్ల క్షేత్రాలు: 1873 నుంచి డెలోస్, 1892 నుంచి డెల్ఫీ. డెల్ఫీ శిథిలాల మీద కాస్ట్రీ అనే ఊరు ఉండేది. దాన్ని పక్కకు తరలించాకే అసలు తవ్వకం సాగింది. అమెరికన్లు నగరాలను పట్టుకున్నారు: 1896లో కొరింథు, 1931లో ఏథెన్స్ అగోరా, అంటే ప్రాచీన నగరపు సంత, సభాస్థలి. అక్కడా ఇళ్లు కూల్చక తప్పలేదు! 1950లలో అగోరాలోని అట్టలోస్ మండపాన్ని మొత్తంగా తిరిగి కట్టి మ్యూజియం చేశారు. ఆ కొత్తదనం నాకు కాస్త ఎబ్బెట్టే. చూడటానికి డెల్ఫీయే మేలు. చదువుకోవడానికైతే అమెరికన్ సంస్థ వైపే మొగ్గుతాను. 1926లో తెరిచిన దాని జెన్నాడియస్ గ్రంథాలయం ప్రాచీన కాలంతో ఆగదు; బైజాంటిన్, ఒట్టోమన్ యుగాల గ్రీసు గురించీ అక్కడ చదవవచ్చు.