ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, రెండు స్ట్రాలర్లు: కొత్తపేట గల్లీల్లో తోసి చూశాక

పాప 2019 జులైలో పుట్టింది, బాబు 2022 మార్చిలో. ఈ ఆరేళ్ళలో మా ఇంట్లో రెండు స్ట్రాలర్లు, అంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండ్లు, అరిగాయి. మూడోదాన్ని రెండు వారాలు అడిగి తెచ్చుకుని వాడి చూశాం. మేముండేది హైదరాబాద్ కొత్తపేటలో, మెయిన్ రోడ్డు నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు దిగే గల్లీలో, నాలుగో అంతస్తులో. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య, మామయ్య. స్ట్రాలర్ కొనబోయే వాళ్ళెవరైనా నన్ను ముందు "ఏ కంపెనీది తీసుకోమంటారు?" అని అడుగుతారు. నేను మాత్రం మీ లిఫ్ట్ ఎంత వెడల్పు, ఇంటి ముందు రోడ్డు ఎలా ఉంటుంది, బండిని రోజూ ఎత్తి దించేది ఎవరు అని అడుగుతాను. మా మొదటి బండి షాపులో చూసినప్పుడు అన్ని విధాలా బాగుంది. మా గల్లీకే సరిపడలేదు.

అసలు ఎనిమిదో నెలలోనే కొనేద్దామని మావారు తొందరపడ్డారు. బిడ్డ పుట్టకముందే సామాను కొనకూడదని అత్తయ్య ఆపారు. అదే మంచిదైంది. పురుడు మా అమ్మగారింట్లో, కరీంనగర్‌లో. అక్కడ మూడు నెలలూ పాప చీర ఉయ్యాల్లోనే నిద్రపోయింది. టీకాలకు తప్ప గడప దాటలేదు, ఆ కాస్త దూరం కూడా అమ్మ ఒళ్ళోనే. ముందే కొని ఉంటే బండి ఆ మూడు నెలలూ అట్టపెట్టెలోనే ఉండేది, వారంటీ మాత్రం నడిచేది. మీరు పుట్టిన నెల నుంచే వాడాలనుకుంటే ఒక్కటి గట్టిగా చూసుకోండి. మన షాపుల్లో అన్నిటినీ ప్రామ్ అనో స్ట్రాలర్ అనో కలిపి పిలుస్తారు గానీ, ప్రామ్ అంటే బిడ్డ బల్లపరుపుగా పడుకునేది, స్ట్రాలర్ కూర్చునేది. మెడ నిలవని పిల్లలకు సీటు పూర్తిగా వాలి చదునుగా రావాలి. సగం వాలే సీటులో పడుకోబెడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరికి అడ్డం. కూర్చునే రకం బండి బిడ్డ తనంతట తాను కూర్చున్నాక, అంటే దాదాపు ఆరు నెలలు నిండాకే.

మొదటి బండి 11 కిలోలు, 9,200 రూపాయలు. హ్యాండిల్ అటూ ఇటూ తిరుగుతుంది, దోమతెర ఉంది, కింద పెద్ద బుట్ట, ముందు బొమ్మల ట్రే. ముందు చక్రాలు మాత్రం నా అరచేయంత గట్టి ప్లాస్టిక్‌వి. షాపులో నున్నటి టైల్స్ మీద వేలితో తోస్తే వెళ్ళిపోయింది. మా గల్లీలో పైప్‌లైన్ కోసం తవ్వి సగం పూడ్చిన సిమెంట్ రోడ్డు, రోడ్డు కంటే నాలుగు వేళ్ళు ఎత్తులో మ్యాన్‌హోల్ మూత, ఆ తర్వాత మోరీ మీద పరిచిన బండలు. రెండో రోజే రెండు బండల మధ్య సందులో ముందు చక్రం దిగబడింది. నేను నడక వేగంలోనే ఉన్నాను, బండి ఒక్కసారిగా ఆగిపోయింది. పాప ముందుకు తూలింది, భుజాల మీది బెల్టు పట్టి ఆపింది. కిందా పైనా చూసుకుంటే నా చేతులు వణుకుతున్నాయి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య ఒకటి ఉండే అయిదు కొసల బెల్టు ఎదురింటికి వెళ్ళినా పెట్టడం ఆ రోజుతో మొదలైంది. నడుము బెల్టు ఒక్కటే ఉన్న బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

చక్రాల గురించి నాకు తెలిసిందంతా ఆ బండే నేర్పింది. గట్టి ప్లాస్టిక్ చక్రం మాల్‌కీ, అపార్ట్‌మెంట్ కారిడార్‌కీ పనికొస్తుంది. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపేసి రాళ్ళు పరిచిన చోట దాన్ని తోస్తే టకటకమంటూ ఒకటే దడ, పాప బుగ్గలు అదిరాయి. గాలి టైర్లు అన్నిటికంటే మెత్తన, కానీ పంక్చర్ పడితే ఆ సైజు ట్యూబ్ మన సైకిల్ షాపుల్లో దొరకదు. నడిమి దారి ఫోమ్ నింపిన రబ్బరు చక్రం. అది కూడా ముందువి ఆరేడు అంగుళాలకు తగ్గకూడదు. ముందు చక్రాలు గిర్రున తిరగకుండా లాక్ చేసే బటన్ ఉండాలి. గతుకులొచ్చినప్పుడు లాక్ చేసి తిన్నగా తోస్తే చక్రం పక్కకు తిరిగి సందులో పడదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండిని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు ఎక్కేలా లాగండి. బిడ్డ తల ఊగదు, మీ నడుమూ నిలుస్తుంది.

ఫుట్‌పాత్ మీద ఆశ పెట్టుకోకండి. ఉన్న చోట బైకులు, టీ బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్. మేం రోడ్డు అంచునే, ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడివైపు నడిచేవాళ్ళం. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర లోపే. స్ట్రాలర్‌లో కూర్చున్న బిడ్డ ముఖం సరిగ్గా బైకు సైలెన్సర్ ఎత్తులో ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఒకసారి ఆటోల మధ్య నిలబడ్డాక అది అర్థమైంది. ఆ తర్వాత రద్దీ వేళ సిగ్నల్ వైపు బండి తీసుకెళ్ళలేదు. హైదరాబాద్‌లో స్ట్రాలర్ హాయిగా నడిచిన చోటు నెహ్రూ జూ పార్కు. దారులు వెడల్పు, చెట్ల నీడ, పిల్లలు అలిసిపోయేంత దూరాలు. గోల్కొండకు తీసుకెళ్ళొద్దు, పైకి అన్నీ మెట్లే. జనవరిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు కూడా వద్దు, ఆ జనంలో ముందు ఎవరి కాళ్ళున్నాయో కనపడదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక బండి టెర్రస్ మీదే తిరిగింది. సాయంత్రం మామయ్య నీళ్ళ ట్యాంకుల చుట్టూ తిప్పుతుంటే పాప పావురాలను చూస్తూ అన్నం తినేది. ఆ నెలల్లో అది మాకు ఎంత ఆసరా అయిందో చెప్పలేను. అన్‌లాక్ అయ్యాక, పైకీ కిందకీ మోయలేక సెల్లార్‌లో లిఫ్ట్ పక్కన పెట్టడం మొదలుపెట్టాం. ఆ అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్ వాళ్ళెవరూ మరిచిపోరు. తెల్లారేసరికి సెల్లార్ నడుము లోతు మడుగు. బండి రెండు రోజులు ఆ నీళ్ళలోనే ఉంది. బయటికి తీశాక సీటు బట్ట విప్పి వేడినీళ్ళలో నానబెట్టి మూడుసార్లు ఉతికాను. సీటు లోపలి అట్ట మాత్రం బట్టకు కలిపి కుట్టేశారు, తీయడానికి రాలేదు. ఎండలో ఎన్ని రోజులు పెట్టినా ఆ బురద వాసన పోలేదు. చివరికి కుట్లు విప్పి, అట్ట పారేసి, టైలర్ దగ్గర కొత్త దిండు కుట్టించాను. ఇనుప ఇరుసులు తుప్పు పట్టాయి. మా గల్లీ సైకిల్ షాపతను చక్రాలు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, వాషర్లు మార్చి గ్రీజు పెట్టాడు. మొత్తం 150 రూపాయలు. ఆ తర్వాత రెండేళ్ళు నడిచింది. కొనే ముందు సీటు బట్ట మొత్తం విప్పదీసి చూడండి, సేల్స్‌మన్ విసుక్కున్నా సరే. వాన నీళ్ళ సంగతి పక్కన పెట్టినా పాలు, వాంతులు, అరటిపండు గుజ్జు రోజూ ఉండేవే.

బరువు సంగతి. 11 కిలోలంటే వినడానికి పెద్దగా అనిపించదు. తొమ్మిది కిలోల బిడ్డను చంకనేసుకుని, రెండో చేత్తో ఆ 11 కిలోలు మడిచి ఆటోలో పెట్టడం మాత్రం నా వల్ల కాలేదు. మడవడానికి రెండు వైపులా రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి, అంటే రెండు చేతులూ కావాలి. మామయ్యకు మోకాళ్ళ నొప్పి, వంగి ఆ కింది బటన్ అందుకోలేరు. ఇంట్లో బిడ్డను ఎక్కువ తిప్పేది ఆయనే. అలాంటి మనిషి బండిని మడవలేకపోతే ఇక అది ఎవరి కోసం? గొడుగులా మడిచే స్ట్రాలర్ పుట్టిందే ఈ బాధ నుంచి. విమానాల డిజైన్లు చేసిన ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు, ప్రయాణాల్లో తన కూతురు బరువైన బండితో పడే అవస్థ చూసి, విమానాల్లో వాడే అల్యూమినియం గొట్టాలతో 1965లో తేలికైనది తయారు చేశాడు. మా రెండో బండికి ఆ గుణం ఉండాలనే పట్టుబట్టాను.

2022 జూన్‌లో కొన్న ఆ రెండోది 6.8 కిలోలు, 13,500 రూపాయలు. ఒంటి చేత్తో మడవచ్చు, మడిచాక నిలబడుతుంది, ఆటోలో కాళ్ళ దగ్గర పడుతుంది. షాపుకు బాబునీ, మామయ్యనూ తీసుకెళ్ళాను. ఆయన అయిదుసార్లు మడిచి తెరిచి, "ఇది నాకు వచ్చేసిందమ్మా" అన్నాకే బిల్లు వేయించాను. హ్యాండిల్ ఎత్తు మాత్రం మార్చుకోవడానికి ఉండదు. అయిదడుగుల రెండంగుళాల నాకు బాగుంది. మావారు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ, వంగి తోయాలి, అరగంటకు ఆయనకు నడుము నొప్పి వస్తుంది. ఈ ఒక్క లోపం మూడేళ్ళూ ఇబ్బంది పెట్టింది.

మెట్రోకు ఈ బండి బాగా కుదిరింది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో లిఫ్ట్ ఎక్కి, వీల్‌చైర్ వాళ్ళ కోసం ఉన్న వెడల్పు గేటు లోంచి వెళ్తే ఎవరినీ సాయం అడగక్కర్లేదు. ఎస్కలేటర్ మీదికి మాత్రం బండితో ఎక్కకూడదు, ఎంత తొందరున్నా సరే. రైల్లో బండిని ప్రయాణ దిశకు అడ్డంగా తిప్పి బ్రేక్ వేస్తే కదలదు. అమీర్‌పేటలో లైను మారాలంటే జనం తగ్గే మధ్యాహ్నం వెళ్ళండి.

ఒక ప్రమాదం గురించి తప్పక చెప్పాలి. సరూర్‌నగర్ రైతుబజార్‌లో టమాటా, ఉల్లిగడ్డ, ఆనపకాయ కలిపి ఆరేడు కిలోల సంచి హ్యాండిల్‌కు తగిలించాను. బాబు సీట్లో ఉన్నంతసేపూ బండి నిలబడింది. వాడు ఏడుస్తున్నాడని ఎత్తుకున్నానో లేదో, వెనక బరువుకి బండి వెల్లకిలా పడింది, టమాటాలు దొర్లిపోయాయి. ఆ క్షణంలో వాడు లోపలే ఉండి, నిద్రలో వెనక్కి వాలి ఉంటే? తేలిక బండ్లకు ఇది సహజ గుణం. ఎంత చిన్న సంచయినా కింది బుట్టలోనే పెట్టండి.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో బెల్టు బకిల్ కాల్చిన అట్లకాడలా ఉంటుంది. బిడ్డను కూర్చోబెట్టే ముందు చేత్తో తాకి చూడండి. ఎండ తగలకుండా చున్నీ కప్పడం మనందరికీ అలవాటు. నేనూ కప్పాను. ఒకరోజు పాల ప్యాకెట్ కొని చున్నీ కిందికి చెయ్యి పెడితే మూత పెట్టిన గిన్నెలో పెట్టినట్టుంది, బాబు మెడ చెమటతో తడిసిపోయింది. పల్చటి బట్టయినా గాలిని ఆపేస్తుంది, లోపల వేడి పేరుకుంటుంది. ముఖం దాకా దిగే పెద్ద టాపు, వెనక గాలాడే జాలీ కిటికీ ఉన్న బండి కొనడమే మందు. సీటు నల్లరంగు వద్దు.

ఇద్దరు పిల్లలయ్యాక అందరూ అడిగేది డబుల్ స్ట్రాలర్ గురించి. మా ఆడపడుచుకు కవలలు, వాళ్ళ పక్కపక్క సీట్ల బండి రెండు వారాలు తెచ్చుకున్నాం. దాని వెడల్పు 76 సెంటీమీటర్లు, మా లిఫ్ట్ తలుపు 70. ప్రతిసారీ మడిచి, లిఫ్ట్‌లో పెట్టి, కింద తెరవాలి. ఇద్దరు పిల్లలు కలిపి పాతిక కిలోలు, బండి మరో పదమూడు. గల్లీ ఎక్కుడు ఎక్కేసరికి ఆయాసం. కవలలకైతే అది తప్పదు. మా పిల్లల మధ్య రెండేళ్ళ ఎనిమిది నెలల తేడా, ఆ తేడాకు అవసరం లేదని తేల్చుకున్నాం. చివరికి మాకు కుదిరిన పద్ధతి: బాబు నా ఛాతీకి కట్టుకున్న క్యారియర్‌లో, పాప బండిలో. పాప నడుస్తానన్నప్పుడు బాబు బండిలో. తమ్ముడు పుట్టాక బండి తనది కాకుండా పోయిందని పాప చాలా రోజులు బెంగపడింది. రోజూ మెట్రో స్టేషన్ దాకా తన వంతు, అక్కడి నుంచి తమ్ముడి వంతు అని ఒప్పందం చేసుకున్నాకే కుదుటపడింది. పెద్ద బిడ్డ కూడా ఎక్కుతుందంటే బండి 15 కిలోల వరకే మోస్తుందా, 22 దాకానా అని చూసుకోండి. మూడేళ్ళకే మా పాప 13 దాటింది.

పెద్ద పిల్ల ఇంట్లో ఉంటే మడత కీళ్ళతో ఇంకా జాగ్రత్త. 2009లో అమెరికాలో ఒక పేరున్న కంపెనీ, కీళ్ళ మధ్య పిల్లల వేళ్ళు పడి కొసలు తెగాయని ఏకంగా పది లక్షల స్ట్రాలర్లకు కీళ్ళ మీద తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది. నేను బండి మడిచే ముందు "చేతులెక్కడ?" అంటాను. ఇద్దరూ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటారు. పెట్టాకే మడుస్తాను. ఇప్పటికీ ఆ మాట వినపడితే బాబు ఎక్కడున్నా చేతులు నెత్తికి వెళ్తాయి.

బాబుకు మూడున్నర, ఈ ఎండాకాలం నుంచి నడుస్తున్నాడు. మొదటి బండి ఇనుప సామానువాడికి వెళ్ళిపోయింది. రెండోది మియాపూర్‌లో ఉన్న మా చెల్లెలికి ఇచ్చాను. తనకు ఏడో నెల. వాళ్ళది లిఫ్ట్ లేని మూడో అంతస్తు, కాబట్టి ఇంతకంటే బరువైనది తన చేత మోయించలేను. సీటు పూర్తిగా చదునుగా వాలదని, బాబో పాపో కూర్చునేదాకా వాడొద్దని చెప్పాను. పంపే ముందు బట్టంతా విప్పి ఉతికి, వెనక కుడి చక్రం ఇరుసు మార్పించి, బ్రేక్ వేసి గల్లీ ఎక్కుడులో బియ్యం సంచి కూర్చోబెట్టి చూశాను. కదలలేదు. అమ్మ మాత్రం డెలివరీ అయ్యేదాకా మెట్ల కింద పెట్టమంది, ఇంట్లోకి తేవద్దంది. మెట్ల కింద నీళ్ళొస్తాయేమో చూడమన్నాను.