పిలకాయలతో సముద్రమా, పులికాటా: ఏది మేలు?

నెల్లూరు నుంచి మైపాడు 25 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి కొత్తపట్నం 20 లోపే. సూళ్లూరుపేట వైపు పోతే పులికాట్ సరస్సు, దాని నడుమ ఇరకం, వేనాడు దీవులు. ఏడేళ్ల లోపు పిలకాయల్ని ఎటు తీసుకుపోవాలన్నది ఊరి పేరు చూసి తేల్చుకునే సంగతి కాదు. పిల్లల వయసు, నెల, పొద్దు చూసి తేల్చాలి. మూడేళ్ల బిడ్డ పొద్దంతా ఆడుకునే చోట ఆరేళ్లవాడు అరగంటకే విసుక్కుంటాడు. ఆరేళ్లవాడికి సరదా అయినది చాలాసార్లు మూడేళ్ల బిడ్డకు ప్రమాదం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. అయిదేళ్ల లోపు వాళ్లకు అలల కంటే ఇసుక మేలు, పడవ కంటే రోడ్డు మేలు. ఆరు దాటితే లెక్క కొంత మారుతుంది.

అలలా, ఇసుకా?

పిల్లలకు సముద్రం అంటే అలల్లో దిగడమేనని పెద్దవాళ్లు అనుకుంటారు. మన తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఒక్కసారిగా వాలిపోతుంది. మోకాలి లోతు అనుకున్నది నాలుగడుగుల తర్వాత నడుం లోతు. అల మీద పడేటప్పుడు కాదు, వెనక్కి మళ్లేటప్పుడే ముప్పు: కాళ్ల కింద ఇసుక కోసుకుపోయి నిలబడ్డ బిడ్డ కూలబడుతుంది, అదే ఊపులో రెండో అల వచ్చేస్తుంది. వరసగా విరుగుతున్న అలల మధ్య ఒకచోట మాత్రం అల విరగకుండా నీళ్లు నల్లగా, నెమ్మదిగా కనిపిస్తే, అక్కడ దిగడం మంచిదని పొరబడతారు. నీళ్లు లోపలికి లాగేది సరిగ్గా అక్కడే. పాదాలు తడుపుకోవడం వరకైతే సరే, అదీ బిడ్డ మణికట్టు పెద్దవాళ్ల చేతిలో ఉన్నంతసేపే. వేళ్లు పట్టుకుంటే తడి చేయి జారిపోతుంది. గాలి నింపే ట్యూబులు, చేతి బెలూన్లు అసలు వద్దు. ఒడ్డు మీంచి వీచే గాలి వాటిని లోపలికి నెట్టేస్తుంది.

దీనికి బదులు నురగ చివరిసారి తాకిన గీతకు పది అడుగులు పైన ఒక గుంట తవ్వండి. వెడల్పు 1 మీటరు, లోతు 15 సెంటీమీటర్లు. ఉత్త ఇసుకలో పోస్తే నీళ్లు నిలవవు, ఇంకిపోతాయి. అందుకని అడుగున ప్లాస్టిక్ పట్ట పరిచి, అంచుల మీద ఇసుక ఎగదోయాలి. 10 లీటర్ల బకెట్‌తో పదీ పన్నెండు బకెట్లు పడతాయి, ఆ మోత పెద్దవాళ్లదే. ఎండ తగిలితే నీళ్లు మెల్లగా వెచ్చబడతాయి. ఇంత లోతు నీళ్లకేం అని పక్కకు పోకండి. బోర్లాపడిన రెండేళ్ల బిడ్డకు నాలుగు వేళ్ల లోతు చాలు. ఎవరో ఒకరు గుంట పక్కనే కూచోవాలి, ఫోన్ సంచిలో ఉండాలి.

నాలుగైదేళ్ల వాళ్లకు కోటలు కట్టడం ఇంకా మేలు. 8 పాళ్ల ఇసుకకు 1 పాలు నీళ్లు కలిపితే ముద్ద నిలుస్తుంది. పొడిగా ఉంటే రాలిపోతుంది, జారుగా ఉంటే కుంగిపోతుంది. అమ్మకానికి దొరికే రంగుల అచ్చుల కంటే అడుగు కోసేసిన పెరుగు డబ్బా మంచిది: పైనుంచి ఇసుక కూరి, కొట్టి, డబ్బాను పైకి లాగేస్తే బురుజు చెక్కుచెదరదు. గుంటలు మాత్రం అందరికంటే చిన్నవాడి మోకాలు దాటకూడదు. పక్క గోడలు కూలితే తడి ఇసుక బరువుకు పెద్దవాళ్లే కదలలేరు. వెళ్లేముందు పూడ్చేయాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఈ తీరానికే ఎక్కుతాయి, గుంటలో పడితే పైకి రాలేవు.

వలా, ఎండ్రకాయలా?

పైసా ఖర్చు లేని వినోదాలు ఇవి రెండూ. జాలర్లు ఒడ్డున నిలబడి అలివి వల లాగే పొద్దు దొరికితే ఆరేళ్లవాడికి అంతకు మించిన తమాషా లేదు. తాళ్లకు దూరంగా, వల దిగే చోటికి పది అడుగుల ఇవతల నిలబెట్టండి. కుప్పలోకి చేయి పెట్టనివ్వకండి: జెల్ల చేపకు రెక్కల దగ్గర ముల్లు, టేకు చేపకు తోక మీద ముల్లు, రెండూ విషం ఎక్కిస్తాయి. చిన్నవాళ్లకైతే పొడి ఇసుకలో ఎండ్రకాయల బొరియలు వెతకడమే నయం. చప్పుడు లేకుండా రెండు నిమిషాలు కూచుంటే అవే బయటికి వస్తాయి. ఆ రెండు నిమిషాలు కూచోబెట్టడమే కష్టం.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ చేప చచ్చిపోయినా కుడుతుంది. తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో మెల్లగా ఏరి తీయాలి, తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టాలి. మంచినీళ్లు పోసినా, ఇసుకతో రుద్దినా మిగిలిన విషం కూడా దిగుతుంది. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికే.

సరుగుడు తోటలో నీడ బాగుంటుంది కానీ దాని కాయలు గుచ్చుకుంటాయి. రావణుడి మీసం గడ్డి అంతకంటే కరుకు. నీడలోకి పోయేటప్పుడు చెప్పులు తప్పవు.

పడవా, రోడ్డా?

పులికాట్ దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు. తడ దగ్గర భీమునివారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి పడవలు పోతాయి. సముద్రంలా అలలు ఉండవు, లోతు తక్కువ, కనుక భయం లేదనుకుంటారు. అడుగున ఒండ్రుమట్టి ఉంటుంది, దిగబడితే నడుం లోతు నీళ్లలోనే కాలు రాదు. పిల్లల సైజు లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కవద్దు. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి: జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది పెద్దవాళ్లది, నీళ్లలో బిడ్డ కిందికి జారిపోతుంది. పొద్దునే వెళ్లి 11 లోపు వెనక్కి బయల్దేరాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే పడవ ఊగుతుంది, నీళ్లు మీదికి చిమ్ముతాయి. పడవలో నీడ, మరుగు ఉండవు. అయిదేళ్ల లోపు వాళ్లకు ఇది అవస్థే. ఆరు దాటి, చెప్పిన మాట విని కూచునే పిల్లలకు మాత్రం ఏ బీచీ దీనికి సాటిరాదు.

చిన్నవాళ్లకు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు చాలు. సరస్సు మధ్యలోంచి పోతుంది, అటకానితిప్ప దాకా రెండు వైపులా పక్షులే. ఆకలేసినా, నిద్రొచ్చినా, ఇంకేదొచ్చినా కారు ఉంది. బస్సులు జోరుగా పోయే దారి, దిగితే చెయ్యి వదలకండి. ఫ్లెమింగోలన్నీ గులాబీ రంగులో ఉండవని ముందే చెప్పి తీసుకుపోండి. మొదటి రెండు మూడేళ్లు అవి బూడిద రంగులోనే ఉంటాయి. తినే రొయ్యల్లాంటి జీవాల వల్ల రంగు తర్వాత ఎక్కుతుంది. బైనాక్యులర్ 6 రెట్ల కంటే పెద్దది వద్దు, చిన్న చేతులు వణికి ఏమీ కనబడదు. దగ్గర్నుంచి గూళ్లు చూడాలంటే నేలపట్టు పక్షుల కేంద్రం మేలు, అక్కడ కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) కాపురముంటాయి.

శ్రీహరికోటలో 2019లో తెరిచిన రాకెట్ ప్రయోగ వీక్షణ గ్యాలరీని కూడా కొందరు ఈ లెక్కలో వేస్తారు. గంటల తరబడి ఎదురుచూపు, కొన్ని నిమిషాల దృశ్యం. ప్రయోగం వాయిదా పడితే అదీ లేదు. ఎనిమిదేళ్లు దాటాక చూద్దాం.

ఏ నెల, ఏ పొద్దు?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, వాయుగుండాలు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. కార్తీక పౌర్ణమికి మైపాడులో, కొత్తపట్నంలో జనం కిక్కిరిసిపోతారు. అది పోటు ఎక్కువుండే రోజు కూడా. స్నానం పెద్దవాళ్లు చేసి రావచ్చు, చంటిపిల్లల్ని ఇంట్లో ఉంచండి. జనవరి, ఫిబ్రవరి రెండింటికీ బాగుంటాయి: సముద్రం నెమ్మదిస్తుంది, పులికాట్‌లో పక్షులు ఇంకా ఉంటాయి. మే నెలలో సరస్సు చాలాభాగం ఎండిపోతుంది, అప్పుడు బీచే గతి, అదీ ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకానే. పది దాటితే పొడి ఇసుక అరికాళ్లు కాలుస్తుంది. గుంట ఆటలకు పాటు మొదలైన గంట మంచిది: నీళ్లు వెనక్కి తగ్గుతూ తడి ఇసుక వదులుతాయి. పోటు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న ఏడింటికి బాగున్నది రేపు కుదరకపోవచ్చు, ముందురోజు జాలర్లను అడగండి.

సంచిలో పిల్లకు 1 లీటరు తాగే నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లం, పొడుగు చేతుల నూలు చొక్కా, పెరుగన్నం. ఒడ్డున వేయించే చేపలు పెద్దవాళ్లకు సరే. ముళ్లు తీసిపెట్టే ఓపిక లేకపోతే పిల్లలకు వద్దు. కారులో 10 లీటర్ల క్యాన్ నిండా మంచినీళ్లు పెట్టుకోండి. ఉప్పు, ఇసుక కలిసి తొడల మధ్య ఒరుసుకుంటే దారి పొడుగునా ఏడుపే, బట్టలు మార్చేముందు అక్కడే కడిగేయాలి.