గూగుల్ అనలిటిక్స్: మా నర్సరీ సైట్‌కి ఏళ్ల తరబడి వాడాక

మాది కడియపులంక, మొక్కల నర్సరీ. సైట్‌కి ఎంతమంది వస్తున్నారో, ఏం చూస్తున్నారో లెక్కచెప్పే ఈ గూగుల్ అనలిటిక్స్‌ని దాని పాత వెర్షన్ యూనివర్సల్ ఉన్నప్పటి నుంచీ వాడుతున్నాం, 2023 జూలై 1న అది ఆగిపోయాక కొత్త వెర్షన్ జీఏ4. ఫ్రీ, చాలా పనికొస్తుంది, కానీ ఏ అంకె దేన్ని లెక్కేస్తుందో తెలీకుండా చూస్తే మాత్రం లేనిపోని ఆశలు పుట్టిస్తుందండి.

ముందు హిట్స్ సంగతి. సైట్లు చేసిచ్చేవాళ్లు కొందరు ఇప్పటికీ నెలకి ఇన్ని హిట్లొస్తాయని చెప్పి డబ్బులడుగుతారు. హిట్ అంటే సర్వర్ నుంచి తెప్పించుకున్న ఒక్కో ఫైలు, మా గులాబీల పేజీలో 40 ఫోటోలుంటే ఒక్క మనిషి ఒక్కసారి తెరిచినా 40కి పైనే. ఒకాయన నర్సరీలో తిరిగి ఎన్ని కుండీలు చూశాడో లెక్కెట్టి అంతమంది వచ్చారన్నట్టే ఇది. జీఏ4లో ఈ గోల లేదు, సంతోషం.

యూజర్లు కూడా అచ్చంగా మనుషులు కాదు. బ్రౌజర్లో కుకీ అనే చిన్న గుర్తు పెట్టి గుర్తుపడుతుంది, రావులపాలెం నుంచి ఒకాయన పొద్దున ఫోన్లో, రాత్రి కంప్యూటర్లో చూస్తే మామూలుగా ఇద్దరి కిందే పడతాడు. సెషన్ అంటే ఒక రాక, అరగంట ఏ కదలికా లేకపోతే అయిపోతుంది, భోంచేసొచ్చి మళ్లీ చూస్తే ఇంకోటి.

నేను రోజూ చూసేది ఎంగేజ్డ్ సెషన్లే. 10 సెకన్లు దాటాలి, లేదా రెండు పేజీలు చూడాలి, లేదా కీ ఈవెంట్, అంటే మనకి ముఖ్యమని మనమే గుర్తుపెట్టిన పని, జరగాలి. ఇవేవీ కానివాటి శాతమే ఇప్పుడు బౌన్స్ రేట్. పాతదాంట్లో అయితే కొబ్బరి మొక్క నాటే పేజీ ఐదు నిమిషాలు చదివి, ఇంకేదీ నొక్కకుండా వెళ్లినా బౌన్స్ కిందే రాసేది, కాబట్టి పాత శాతాన్నీ కొత్తదాన్నీ పోల్చొద్దు.

మా కీ ఈవెంట్ వాట్సాప్ బటన్ నొక్కడం. ఎండాకాలం చూసేవాళ్లు బాగానే ఉంటారు గానీ నొక్కేది తొలకరి పడ్డాకే, ఏ మొక్క ఎంత స్టాకు పెట్టాలో దీన్నిబట్టే చూసుకుంటున్నాం, నాకైతే ఈ ఒక్క అంకె చాలు.

నచ్చనివీ ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన లింకు నుంచి వచ్చినవాళ్లు చాలావరకు డైరెక్ట్ కింద, అంటే ఎక్కణ్నుంచి వచ్చారో తెలీనివాళ్ల కింద పడిపోతారు, లింకు చివర యూటీఎం ట్యాగ్ (ఎక్కడ పెట్టిన లింకో చెప్పే ముక్క) తగిలిస్తేనే తేలుతుంది. ఊరి పేర్లు నమ్మొద్దు, అమలాపురంలో కూర్చుని చూసినా హైదరాబాద్ అని రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, విడివిడి యూజర్ల డేటా మామూలుగా 2 నెలలే దాస్తుంది, సెట్టింగ్స్‌లో 14 నెలలు చెయ్యొచ్చు, అకౌంట్ తెరిచిన రోజే మార్చేయండి, ఈలోపు చెరిగిపోయింది మళ్లీ రాదు.